ఇద్దరి పడవలో ఒంటి మనిషి

ఇద్దరి కోసం కట్టిన పడవను ఒక్కడే నడపవచ్చా అన్నది రేసు పడవల క్లబ్బుల్లో పాత తగువు. జతగాడు రాని పొద్దున పడవ షెడ్డులో ఊరికే పడి ఉంటుంది. బయట గాలి ఉండదు, ఒంటి మనిషి పడవలను అప్పటికే ఎవరో తీసుకుపోయి ఉంటారు. ఉన్నదాన్నే నీళ్లలోకి దించితే ఏం పోయిందని ఆటగాడంటాడు, బోర్లాపడితే బాధ్యత ఎవరిదని కోచ్ అంటాడు. చెరువుల్లో చేపలు పట్టేవాళ్ల దగ్గర ఈ తగువే లేదు. తోడు రాకపోతే పుట్టిని నెత్తిన బోర్లించుకుని ఒక్కరే కట్ట దిగుతారు. ఒకచోట నిషేధం, ఇంకోచోట నిత్యకృత్యం. ఇదేమి తేడా అని అడిగితే రెండుచోట్లా వినిపించేది బలం లెక్కే: ఒక్కడి రెక్కలు సరిపోతాయని ఒకరు, చాలవని ఇంకొకరు. ఆ లెక్కే తప్పుదారి పట్టిస్తోందని నా వాదన. ముందు అడగవలసింది ఆ రెండో మనిషి పడవలో ఏ పని చేస్తున్నాడని. ఆ పని పడవ పడవకూ మారుతుంది, కనుక జవాబూ మారుతుంది.

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి వైపు కూర్చుని పడవల గురించి రాయడమేమిటని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. నందికొండల చుట్టూ పెన్న, చిత్రావతి, పాపాగ్ని, దక్షిణ పినాకిని పుడతాయన్న మాటే గానీ, వాటిలో ఏదీ ఇక్కడ ఏడాది పొడుగునా పారదు. మనకున్నవి చెరువులూ కుంటలూ. గుడిబండ భైరసాగరం, చిక్కబళ్ళాపురం కందవార, చింతామణి కన్నంపల్లి చెరువు, బాగేపల్లి దగ్గర చిత్రావతికి కట్టిన ఆనకట్ట, ఇలా. అయితే ఈ పదేళ్లలో పరిస్థితి మారింది. బెంగళూరు మురుగును శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార లోయ పథకం మన జిల్లా చెరువులకూ, కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం కోలారుకూ చింతామణి వైపు కొన్ని చెరువులకూ పంపుతున్నాయి. 2018 తర్వాత ఎండాకాలంలో కూడా నీళ్లు నిలిచే చెరువులు కనిపిస్తున్నాయి. నీళ్లు నిలిస్తే చేపపిల్లలు వదులుతారు, చేపలుంటే పుట్టి దిగుతుంది. చిక్కబళ్ళాపురం, చింతామణిలకు అరవై డెబ్భై కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు హలసూరు చెరువులో మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ సైనికులు రేసు పడవల మీద సాధన చేస్తారు. దక్షిణాది రాష్ట్రాల కుర్రాళ్లు చేరే దళం అది, మన తెలుగువాళ్లూ అందులో ఉంటారు. కాబట్టి రేసు పడవా పుట్టీ రెండూ మన చుట్టుపక్కలవే.

రేసు పడవతో మొదలుపెడదాం, అక్కడ కొలతలు దొరుకుతాయి గనక. రెండో మనిషి చేరితే వేగం రెట్టింపవుతుందని సామాన్యంగా అనుకుంటాం. హార్వర్డ్ ఆచార్యుడు థామస్ మెక్‌మహన్ 1971లో సైన్స్ పత్రికలో దీనికి లెక్క కట్టి చూపించాడు. తెడ్డు వేసేవాళ్లు పెరిగేకొద్దీ బలమూ పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది, నీటిని రాచుకునే పడవ అడుగూ పెరుగుతుంది. అన్నీ పోగా వేగం మనుషుల సంఖ్యకు తొమ్మిదో మూలం చొప్పున మాత్రమే పెరుగుతుందని తేలింది. అంటే ఒకరు ఇద్దరైతే వేగం పెరిగేది 8 శాతం. పందేల కాలాలు దీన్ని బలపరుస్తున్నాయి. 2000 మీటర్లను న్యూజీలాండ్ ఆటగాడు రాబీ మాన్సన్ 2017లో పోజ్నాన్‌లో ఒంటి మనిషి పడవలో 6 నిమిషాల 30.74 సెకన్లలో దాటాడు. క్రొయేషియా అన్నదమ్ములు మార్టిన్, వాలెంట్ సింకోవిచ్ 2014లో ఇద్దరి పడవలో 5 నిమిషాల 59.72 సెకన్లలో దాటారు. తేడా 8.6 శాతం. ఏకచక్రపురం మన కైవారమేనని చెప్పుకుంటాం, బకాసురుడికి పంపిన బండెడన్నం ఒక్కడే తిన్న భీముడి కథ ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. కానీ ఇద్దరి పడవను ఒక్కడు లాగడానికి అంతటి భీముడు అక్కర్లేదని పై అంకెలు చెబుతున్నాయి.

మరి ఒక్కడే ఇద్దరి పడవ ఎక్కితే ఎంత నష్టం? అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఒంటి మనిషి రేసు పడవ 14 కిలోలకు తగ్గకూడదు, ఇద్దరిది 27 కిలోలకు తగ్గకూడదు. మొదటిది ఎనిమిది మీటర్ల పైచిలుకు పొడవు, రెండోది పది మీటర్లకు అటూ ఇటూ. ఎనభై కిలోల మనిషి సొంత పడవలో ఉంటే తెడ్లతో కలిపి నీటి మీద భారం 97 కిలోలు, ఇద్దరి పడవలో అయితే 110. బరువు పదమూడు శాతం పెరిగింది, అడుగూ కొంత ఎక్కువ తడుస్తుంది. అయితే సత్తువ వేగం ఘనం చొప్పున ఖర్చవుతుంది కాబట్టి రాపిడి పన్నెండు పదిహేను శాతం పెరిగినా వేగంలో పోయేది నాలుగైదు శాతమే. పందెంలో అది ఓటమి, పొద్దుటి సాధనలో లెక్కలోకి రాదు. బలం ప్రశ్న ఇక్కడితో తీరిపోయింది.

తీరనిది పడవ కూర్చునే తీరు. ఇద్దరి పడవలో సీట్లు ఒకదాని వెనుక ఒకటి మీటరున్నర ఎడంలో ఉంటాయి. ఎనభై అయిదు కిలోల జతగాడు లేకపోతే పడవ సుమారు నాలుగు సెంటీమీటర్లు పైకి తేలుతుంది. వినడానికి అల్పం. కానీ తెడ్డును పట్టి ఉంచే కొక్కెం ఎత్తును ఆటగాళ్లు సెంటీమీటరు, అర సెంటీమీటరు బిళ్లలు పెట్టీ తీసీ సరిచేసుకుంటారు. అలాంటిచోట నాలుగు సెంటీమీటర్లంటే తెడ్డు పలక నీటిని అందుకోవాలంటే పిడిని ఛాతీ పైకంటా ఎత్తాలి. ఎత్తిన చేతులతో లాగినప్పుడు పలక లోతు నిలవదు, ఒక పక్క ఎక్కువ మునిగి ఒక పక్క తక్కువ మునిగి పడవ ఒరుగుతుంది. మరో సంగతి, మనిషి ఏ సీటులో కూర్చున్నా నడిమధ్యకు డెబ్భై అయిదు సెంటీమీటర్లు ఎడంగానే ఉంటాడు. దానివల్ల పడవ రెండు కొసల మధ్య నాలుగు సెంటీమీటర్ల దాకా ఎత్తుపల్లాలు వస్తాయి. వెనుక సీటులో కూర్చుంటే ముందు కొస లేచి, పక్కగాలి దాన్ని తోసుకుపోతుంది. ముందు సీటులో కూర్చుంటే ముక్కు దిగి, వెనుక అడుగున ఉండే చిన్న రెక్క పైకి వచ్చి దారి పట్టు తగ్గుతుంది. అయినా రెండింటిలో నేను ముందు సీటుకే ఓటేస్తాను. రేసు పడవలో మనిషి వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. ముందు కొస దగ్గరుంటే భుజం మీదుగా తల తిప్పి చూసినప్పుడు ఎదురొచ్చేది తొందరగా కంటబడుతుంది. గాలి లేని రోజున ముక్కు రెండు సెంటీమీటర్లు దిగినా ఓర్చుకోవచ్చు, ఎదురుపడిన మొద్దును చూడకపోవడం ఓర్చుకోలేం. కొక్కెం ఎత్తు తగ్గించి, కాలిపలక జరిపి, ఖాళీ సీటు వైపు తెడ్లను మోసే చట్రాలు విప్పేసి దిగితే పడవ చెప్పినమాట వింటుంది.

ఇదంతా ఒక్కొక్కరికి రెండేసి తెడ్లుండే పడవ మాట. అదే ఆకారంలో, అదే కనీస బరువుతో మరో ఇద్దరి పడవ ఉంది, అందులో ఒక్కొక్కరికి ఒకే తెడ్డు, ఒకరిది కుడివైపు, ఒకరిది ఎడమవైపు. భారతదేశం ఒలింపిక్ రోయింగ్‌లో తొలిసారి దిగింది దానిలోనే, 2000 సిడ్నీలో కాసం ఖాన్, ఇందర్‌పాల్ సింగ్‌ల జంటగా. ఆ పడవలో ఒక్కడే కూర్చుని ఒక్క తెడ్డు వేస్తే అది గుండ్రంగా తిరుగుతుంది. తెడ్డు నీటిని వదిలిన క్షణాన అవతలి పక్క ఆసరా లేక ఒరిగిపోతుంది. ఇక్కడ రెండో మనిషి ఇచ్చేది బలంలో సగం మాత్రమే అనుకోకూడదు, దారిలో సగం, నిలకడలో సగం అతనే. చట్రాలు మార్చి రెండు తెడ్లు బిగిస్తే తప్ప దాన్ని ఒంటరిగా నడిపే ఆలోచనే పెట్టుకోకూడదు. ఒకే గుల్ల, రెండు రకాల బిగింపు. ఒకదానికి అవునని, రెండోదానికి కాదని జవాబు. క్లబ్బుల్లో తగువు తెగకపోవడానికి సగం కారణం ఈ రెండిటినీ కలిపి మాట్లాడటమే.

సముద్రం మీదికి పోతే లెక్క మరోలా మారుతుంది. 2001 అక్టోబరులో కానరీ దీవుల్లోని టెనరిఫ్ నుంచి బార్బడోస్‌కు ఇద్దరేసి మనుషుల పడవల పందెం జరిగింది, దాదాపు మూడువేల మైళ్లు. ఇంగ్లండుకు చెందిన డెబ్రా వీల్ తన భర్త ఆండ్రూతో బయల్దేరింది. ఆయన మంచి ఆటగాడే, కానీ నడిసముద్రం ఆయనలో తట్టుకోలేని భయం పుట్టించింది. తోడు పడవ ఆయన్ని ఎక్కించుకుపోయింది, ఆవిడ మాత్రం తిరిగి రానంది. ఇరవైమూడు అడుగుల ప్లైవుడ్ పడవను ఒంటరిగా నడిపి 2002 జనవరిలో బార్బడోస్ చేరింది. ఇద్దరి పడవను ఒక్కరు నడిపిన ఉదంతాల్లో లోకానికి బాగా తెలిసింది ఇదే. ఆ పందెం గెలిచిన న్యూజీలాండ్ జంటకు 42 రోజులు పట్టింది, ఆవిడకు మూడున్నర నెలలు. రెండువేల మీటర్ల మీద ఎనిమిది శాతం తెచ్చే రెండో మనిషి ఇక్కడ రెండున్నర రెట్లు తేడా ఎందుకు తెచ్చాడు? గెలిచినవాళ్ల సత్తా కొంత ఉండొచ్చు, అసలు కారణం మాత్రం వంతులు. ఒకరు నిద్రపోతే ఒకరు తెడ్డు వేస్తారు, పడవ రాత్రీ పగలూ ఆగదు. ఒక్కరే అయితే తిన్నా పడుకున్నా వంట చేసుకున్నా ఆగిపోతుంది, ఒక్కోసారి ఎదురుగాలికి వెనక్కీ పోతుంది. అక్కడ రెండో మనిషి తెచ్చింది కాలం. అయినా పడవ చేరింది, ఎందుకంటే కాలం పోయినా ప్రాణానికి కావలసినవన్నీ, ఉప్పునీటిని తాగునీరు చేసే యంత్రం, పడుకునే గూడు, ఉపగ్రహ ఫోను, ఆ పడవలోనే ఉన్నాయి. ఆవిడ ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు, ధైర్యం వెనుక ఏమున్నదో కూడా చూడాలంటున్నాను.

ఇప్పుడు మన పుట్టి. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు డొమింగో పాయస్ తుంగభద్ర మీద దీన్ని చూసి రాసి పెట్టాడు. బుట్టలా గుండ్రంగా, లోపల బెత్తం అల్లిక, పైన తోలు, పదిహేను ఇరవై మందిని మోసేది, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ దాటించేది. తెడ్డు వేస్తే ఎప్పుడూ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుందని, మిగతా పడవల్లా తిన్నగా పోదని కూడా గమనించాడు. అయిదువందల ఏళ్లు గడిచినా ఆ మాట నిజమే. ముక్కూ తోకా లేని పడవకు తిన్నగా పోవాలన్న పట్టింపు ఉండదు. ఇద్దరు చెరోవైపు తెడ్డు వేస్తే తిరుగుడు తిరుగుడుకు చెల్లిపోతుంది. ఒక్కడే అయితే పక్కన తెడ్డు వేయడం మానుకుని, వెళ్లే దిక్కు అంచున మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును ముందుకు చాచి నీటిని తనవైపు లాక్కోవాలి, లాగేటప్పుడు కుడికీ ఎడమకీ మెలితిప్పుతూ. అలా అంచున కూర్చుంటే ఆ పక్క దిగుతుంది కాబట్టి ఎదుటి అంచున వలో, రాయో, నిన్నటి చేపల బుట్టో పెడతారు. నేర్చినవాడి చేతిలో పుట్టి చక్కగా పోతుంది. మన చెరువుల్లో కనిపించేవి ఇద్దరు కూర్చునే చిన్నవి. వెదురు దబ్బల అల్లిక మీద యూరియా సంచుల పట్టానో టార్పాలినో బిగించి తారు పూసినవి కొన్ని, ఫైబర్‌గ్లాసువి కొన్ని. నడక ఒక్కటే పనైతే ఒంటి మనిషికి అడ్డేమీ లేదు.

కానీ పుట్టి దిగేది నడవడానికి కాదు కదా, వలకు. సాయంత్రం వల పరిచేటప్పుడు ఒకరు తెడ్డు వేస్తూ పుట్టిని గాలికి నిలబెడతారు, ఒకరు వలను చిక్కుపడకుండా బెండ్లు ఒకవైపు, సీసపు గుండ్లు ఒకవైపు విడదీస్తూ వదులుతారు. తెల్లవారి ఎత్తేటప్పుడు కష్టం ఇంకా ఎక్కువ. చేపలు పడ్డ వల బరువంతా ఒక్క అంచు మీదే పడుతుంది, లాగే మనిషి కూడా ఆ అంచుకే వంగుతాడు. అప్పుడు అవతలి అంచున కూర్చున్న మనిషే ఎదురుబరువు. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల్లో చేపలవేటకు వచ్చి స్థిరపడ్డ కోస్తా కుటుంబాల్లో ఆలుమగలిద్దరూ పుట్టిలో దిగడం మామూలు, ఒకరు తెడ్డు, ఒకరు వల. ఆ రెండో మనిషి తీసుకొచ్చే చేతులు రెండు, బరువు ఒకటి, అరిచి పిలిచే గొంతు ఒకటి. రేసు పడవలో ఎనిమిది శాతం వేగం కోసం ఉన్న మనిషికీ ఈ మనిషికీ పోలికే లేదు. రేసు పడవ బోర్లాపడినా తేలే ఉంటుంది, పట్టుకుని వేలాడవచ్చు, గుల్లనిండా గాలి గదులే. పుట్టి బోర్లాపడితే నీళ్లు నిండిన బుట్టను తిరగేయడం ఒక్కడి తరం కాదు, పైగా విడిచిన వల కాళ్లకు చుట్టుకుంటుంది. అందుకే నా లెక్కలో అసలు ప్రమాదం నిషేధమున్న క్లబ్బులో లేదు, నిషేధం లేని చెరువులో ఉంది.

దీనికి చేపలు పట్టేవాళ్లు చెప్పే ఎదురుమాట ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. తాతల నాటి నుంచీ ఒక్కరే పోతున్నాం, మాకు రాని పడవ ఉందా అంటారు. వాళ్ల నేర్పును శంకించే హక్కు నీళ్లలో దిగని నాకు లేదు. అయితే తాతలు దిగిన చెరువు ఇది కాదు. అప్పటి చెరువులు సంక్రాంతి దాటితే నడుము లోతుకు వచ్చేవి, పుట్టి బోర్లాపడితే నిలబడి నడిచి రావచ్చు. ఇప్పుడు పైపు నీళ్లతో వేసవిలోనూ నిండి ఉంటున్నాయి. పొలాలకు మట్టి తోలడానికి, పూడిక తీయడానికి జేసీబీలు తవ్విన గుంతలు నీటి కింద కనబడవు. శుద్ధి చేసినా ఆ నీటిలో నత్రజని, భాస్వరం మిగులుతాయి కాబట్టి నాచూ గుర్రపుడెక్కా దట్టంగా పెరుగుతాయి, ఈదేవాడి కాళ్లకు అవీ వలలే. నేర్పు పాతదే, నీళ్లు కొత్తవి. ఇంకొకటి, ఇద్దరు పోతే కూలి సగమవుతుందన్నది. ఇది న్యాయమైన మాట. చెరువు వేలం పాట పెరిగి, చేప ధర పెరగకపోతే తోడును తీసుకెళ్లడం నష్టమే. ఒంటరి పుట్టికి అసలు కారణం ధీమా కంటే ఈ లెక్కే అయ్యుండాలి. కాబట్టి ఒక్కరే పోవద్దని బోర్డు పెడితే ఎవరూ వినరు. తోడు మనిషి చేసే పనుల్లో ఏవి ఇంకోలా జరుగుతాయో చూడాలి.

ఆటవైపు నుంచి వచ్చే ఎదురుమాట వేరు. ఒంటరిగా ఇద్దరి పడవ ఎక్కనివ్వకపోతే కుర్రాళ్లు నేర్చేదెలా, ఒంటి పడవలు కొనే స్తోమత ఎన్ని క్లబ్బులకుంది అంటారు. ఈ మాటతో నేను ఏకీభవిస్తాను. ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఇంతవరకూ దిగినవన్నీ ఒకరి పడవలు, ఇద్దరి పడవలే. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బజరంగ్ లాల్ తాఖర్ గెలిచిన బంగారు పతకం ఒంటి పడవదే, రోయింగ్‌లో దేశానికి తొలి ఆసియా క్రీడల స్వర్ణం అది. 2016 రియోలో పదమూడో స్థానం సాధించిన దత్తు బబన్ భోకనల్ నాసిక్ జిల్లాలో నీటి ఎద్దడి ఊరివాడు, తండ్రితో కలిసి బావులు తవ్వినవాడు. 2012లో సైన్యంలో చేరాకే తెడ్డు పట్టాడు. మన బాగేపల్లి, గుడిబండ కుర్రాళ్లకూ అతనికీ పెద్ద తేడా లేదు. అలాంటివాడికి ఒంటరి సాధన కావాలి, తన తప్పు తనకే తెలిసేది అక్కడే. ఇద్దరి పడవలో జతగాడి తెడ్డు మన తప్పును కప్పేస్తుంది. కాబట్టి నేర్చినవాడిని, ఈత వచ్చినవాడిని, రెండు తెడ్ల బిగింపు ఉన్న పడవలో, గాలి లేనప్పుడు, ఒడ్డున కోచ్ కళ్లముందు ఒంటరిగా పంపడంలో తప్పేమీ లేదు. ఒక్క విషయంలో మాత్రం పట్టు విడవకూడదు. పది మీటర్ల పొడవు, ఇరవై ఏడు కిలోల బరువు ఉన్న ఆ గుల్లను ఒక్కడు ఎత్తి మెట్లు దిగలేడు, అవతలి కొస గోడకు తగిలి పగులుతుంది. దింపడానికీ ఎత్తడానికీ రెండో మనిషి ఎలాగూ కావలసిందే. ఆ మనిషినే అతను తిరిగొచ్చేదాకా ఒడ్డున ఉండమంటే సరిపోతుంది.

చెరువు వైపు మాత్రం చేయవలసినది ఎక్కువ, చేసేవాళ్లు తక్కువ. మత్స్యశాఖ రాయితీ మీద ఇచ్చే పుట్టితో పాటు లైఫ్ జాకెట్ కూడా లెక్కలో చేర్చి ఇవ్వాలి, పుట్టి ఖర్చులో అది చిన్న భాగం. వల లాగడానికి అడ్డం రాని, పలుచని రకమే ఇవ్వాలి, బరువైనదైతే ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతుంది. పుట్టి అంచు చుట్టూ నాలుగు ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు గట్టిగా కడితే బోర్లాపడినా మునగదు, దానికి ప్రభుత్వం అక్కర్లేదు, తాడు చాలు. పూడిక తీసిన చోట గుంతల దగ్గర ఒక వెదురు గడ పాతి గుడ్డ కట్టించే బాధ్యత తవ్వించిన పంచాయతీదే. ఒంటరిగా దిగేవాళ్లకు నాది ఒక్క విన్నపం. ఏ చెరువులో, ఏ వైపు, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి పోండి.